చెత్తడబ్బాల పక్కన

బ్రాన్విన్ తల్లీ,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని కంగారుపడకు. ఈ మోటార్‌హోమ్‌లో నేను గుసగుసలాడినా మీ నాన్నకి వినబడుతుంది. ఇప్పుడాయన బయట కుర్చీ వేసుకుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నారు.

"రిటైరయ్యాక ఇల్లమ్మేసి ఈ చక్రాల డబ్బాలో కాపురమేంటి నాన్నా" అని నువ్వన్న మాట ఆయన ఇంకా మరిచిపోలేదు. ఈ క్రిస్మస్‌కి ఎవరి ఫోనూ ఎత్తనని, ప్రశాంతంగా సముద్రం చూస్తూ కూర్చుంటానని ఒట్టు పెట్టుకున్నారు. నేనూ సరేనన్నాను.

తీరా ఇక్కడికొచ్చాక బండిని నాలుగు చోట్లకి మార్చారు. సముద్రానికి ఎదురుగా, ఎర్రగా పూసిన పొహుటుకావా చెట్టు నీడ దొరికితే అదీ వద్దన్నారు. చివరికి తీసుకెళ్ళి చెత్తడబ్బాల పక్కన ఆపారు. మన దేశంలో క్రిస్మస్ అంటే నడి ఎండాకాలం కదా, ఒకటే ఈగలు.

"ఇక్కణ్ణుంచి సముద్రమే కనబడదు కదండీ" అన్నాను.

"గాలి తగలదులే. నీ మోకాళ్ళకి మంచిది" అన్నారు.

ఈ తీరం మొత్తానికి ఫోన్ సిగ్నల్ అందేది ఈ ఒక్కచోటేనని నిన్న పక్క బండి ఆవిడ చెప్పింది.

పండగ రోజు మధ్యాహ్నం ఫోన్ చెయ్యి. మొదటిసారి ఎత్తరు, మళ్ళీ చెయ్యి. ఈ ఉత్తరం సంగతి మాత్రం చెప్పకు. సముద్రం ఎలా ఉందని అడుగు. ఎదురుగానే ఉందని చెప్తారు.

మీ అమ్మ