తెర మీద నీ పేరు

సుజాతా,

నాందేడ్‌లో మనం చదివిన డెంటల్ కాలేజీలోనే ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ఒక రోగి కథ చేతికిచ్చి, ఎనిమిదిమందీ కలిసి జబ్బేమిటో తేల్చమనే ఆ క్లాసు గుర్తుందా? అది ఆన్‌లైన్‌లో మేలా, గదిలో మేలా అని కాలేజీవాళ్ళు నన్ను రాసివ్వమన్నారు. మార్కులు చూస్తే రెండూ ఒక్కటే.

ఇవాళ గదిలో ఒక పిల్ల నోరు విప్పలేదు. చెంప మీద చెయ్యి చూసి ఏమైందని అడిగాను. "పన్ను సలుపుతున్నది మేడం" అంది. అందరూ నవ్వారు. రోగి కథ పక్కన పెట్టి ముందు ఆ పిల్లను చూశాం.

లాక్‌డౌన్‌లో ఇదే క్లాసు ఆన్‌లైన్‌లో జరిగిన ఆ రోజు, తెర మీద నీ ముఖం లేదు, పేరొక్కటే కనిపించింది. దవడ వాపు గురించి నువ్వు చెప్పాలి. రెండుసార్లు పిలిచాం. "వాళ్ల ధర్మాబాద్‌ల నెట్‌వర్క్ గిట్లనే ఉంటది, మనం కానిద్దాం" అన్నది నేనే. నీ వంతు కూడా నేనే చెప్పేశాను.

మూడో రోజు మీ అన్న ఫోన్ చేశాడు. "అది పోయింది చెల్లే. మొన్న క్లాసుల మాట్లాడుదామనే ఫోన్ పట్టుకున్నది, దమ్ము ఆడలే."

ఇది కాలేజీకి రాసివ్వాల్సిన ఆ కాగితంలో ఎక్కడ రాయాలో తెలియడం లేదు. ఆ రోజు గ్రూపు లీడర్‌గా హాజరు పట్టీలో నీ పేరు ఎదురుగా టిక్కు పెట్టింది కూడా నేనే.