సిరిసిల్ల దిక్కు చెరువులు

కోరుట్ల,
12 ఆగస్టు 1969.

అన్న దేవదానానికి,

ప్రభువు నామంలో నీ చెల్లెలు ఎస్తేరు వందనాలు. బాపు, అమ్మ, నేను బాగున్నాము. జైలులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తున్నాను. జాబులు జైలు వాళ్లు చదివాకే మీ చేతికి ఇస్తారట. అందుకని ఊరేగింపుల సంగతులు రాయను. చేపల సంగతి రాస్తాను.

దసరా వెళ్లాక నువ్వూ బాపూ కొర్రమట్టలకు పోవాలి. మన చెరువును ఈ ఏడు గుత్తకు ఇచ్చారు. గాలం కట్టె కనిపిస్తే చాలు, గుత్తేదారు మనుషులు విరిచేస్తున్నారు. అందుకే సిరిసిల్ల దిక్కు, మనమెన్నడూ చూడని చెరువులు అనుకున్నాము. కోనరావుపేట అవతల ఒకటి, ఎల్లారెడ్డిపేట దగ్గర ఒకటి. రెండూ నిండి మత్తడి దుంకుతున్నాయి. బస్సులు నడిస్తే బస్సు, లేకుంటే సైకిళ్లు. పడక శంకరయ్య మామ ఇంట్లో.

పోయిన నెల బాపు దవాఖాన కాపలా దిగి వచ్చి, వాకిట్లో కూర్చుని వెదురు కట్టెలు నునుపు చేశాడు. "తెల్వని ఊర్ల పోంగనే గాలమెయ్యద్దు. ముందుగాల ఆ ఊరి చేపలోల్లను అడగాలె, బీడీ ఇయ్యాలె, గప్పుడు కూసోవాలె" అన్నాడు. ఎర కప్పలను పట్టే పని నీకు వదిలాడు గానీ, గాలానికి గుచ్చే పని ఇవ్వడట. "వాడు గుచ్చిన కప్ప ఈదుకుంట ఇంటికి పోతది" అన్నాడు. అమ్మ నవ్వింది. నిన్ను పట్టుకుపోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

అమ్మ జగిత్యాల వకీలు దగ్గరికి పోయి వచ్చింది. తెలంగాణ ఊరేగింపులో తిరిగింది తప్పని, ఇకమీదట తిరగనని ఉన్న కాగితం మీద సంతకం పెడితే నిన్ను వదులుతారట. నువ్వు పెట్టనన్నావని కూడా ఆయనే చెప్పాడు. "ఒక్క సంతకమే గదరా కొడుకా, పెట్టి రా. మీ బాపు ఒక్కడే కట్ట మీద కూసుంటడా?" అని అమ్మ రాయమంది.

కాలేజీ తెరవలేదు. సిస్టర్లు ఇచ్చిన పుస్తకాలే మళ్లీ చదువుతున్నాను.

నీ కోసం చూస్తూ,
ఎస్తేరు

తా.క. అన్నా, మత్తడి దుంకుతున్నాయన్న మాట అమ్మది. "గట్లనే రాయి బిడ్డా. చేపలంటే వాడు ఆగడు, అచ్చేస్తడు" అంది. బాపు మొన్న రెండు చోట్లకూ పోయి చూసి వచ్చాడు. కట్టలకు గండ్లు పడి ఏళ్లయిందట. పూడ్చినవాళ్లు లేరు. ఎంత వాన పడ్డా నీళ్లు నిలవవు. లోపలంతా తుమ్మలు మొలిచి మేకలు మేస్తున్నాయట. అమ్మ ఏం రాయిస్తున్నదో విని, "వాడు రావాలెనని నాకు లేదా? గాని, లేని చెరువు సూపెట్టి పిల్వకుండ్రి" అని బయటికి పోయాడు. నేను అమ్మకు ఎదురు చెప్పలేదు. చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఆ కాగితం సంగతి నువ్వే ఆలోచించుకో. ఇంటి మీద బెంగతో సంతకం పెట్టినా నిన్ను ఏమీ అనను. చేపల కోసం మాత్రం పెట్టకు.

అమ్మకు చదువు రాదు. జాబు చదివి వినిపించమని ఎదురుగా వచ్చి కూర్చుంది. నా పేరు దాకానే చదువుతాను.