ఎలుగుబంటికి ఏ కెమెరా?

2 మార్చి 1948, చిత్తూరు
ఐరాల కొండ కింద తీసిన ఫిలిం కడిగాను. బండలు, ఇప్పచెట్టు, బోలెడంత ఆకాశం. ఎలుగుబంటి ఆవగింజంత. వీపు మీది పిల్ల అసలు పడనేలేదు. వేలు పెట్టి చూపిస్తే మా ఆవిడ నాగమ్మ ఒకటే నవ్వు. "పెండ్లయి పన్నెండేండ్లాయ, ఇంకా ఈ కతలేనా? ఎలుగు యాడన్నా పిల్లను వీపున మోస్తాదా?" నేను చూశాను, ఈ రెండు కళ్లతో! నా మాట నా ఇంట్లోనే చెల్లదు.
ఈ డబ్బా కెమెరా పెండ్లికొడుకులకు చాలు, ఎలుగుకు చాలదు. ఇప్పపూలు రాలినన్నాళ్లే అది కొండ దిగేది. ఆ తర్వాత పిల్ల పెద్దదైపోతుంది.

5 మార్చి, తిరుపతి
స్టూడియో మూసేస్తున్న పెద్దాయన రెండు కెమెరాలు ముందు పెట్టాడు. ఒకటి కొయ్యది — మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, పొడుగు లెన్సు. రెండోది కోటు జేబులో పట్టే మడత కెమెరా. "రెండూ ఎత్తకపో అబ్బా. నచ్చింది కొనుక్కో, పదో తేదీకి రెండోది తెచ్చియ్యి." బస్సులో రెండింటినీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

6 మార్చి
పెద్దదా, చిన్నదా... పెద్దదాంట్లో ఎలుగు నిండుగా కనబడుతుంది, కాని గాజు ప్లేటుకు ఒక్కటే ఫోటో. చిన్నదాంట్లో రీలుకు ఎనిమిది — ఎనిమిదీ ఆవగింజలే! అన్నం చల్లారిపోయింది. నాగమ్మ సలహా: "అది తరుముకొస్తే ఏదెత్తుకొని పరిగెత్తగలవో దాన్నే పెట్టుకో."

7 మార్చి, ఐరాల
బామ్మర్ది ఇంట్లో దిగాను. తెల్లవారగానే బండ మీద పెద్దది నిలబెట్టాం. వచ్చింది! కెమెరా వెనక అద్దంలో తలకిందులుగా, నిండుగా. ప్లేటు పెట్టాను. నా స్టూడియో అలవాటు... నోరు దానంతటదే తెరుచుకుంది — "కదలకండి! రెడీ!"
కదిలింది. అది చెట్లలోకి, నేను ఊళ్లోకి. బామ్మర్ది కడుపు పట్టుకుని నవ్వాడు. "బావా, రవ్వంత నగమని గూడా సెప్పాల్సింది!"

8 మార్చి
చిన్నదానితో వెళ్లాను, నోట్లో తువ్వాలు కుక్కుకుని. ఎలుగు రాలేదు. సాయంత్రం బస్సుకు నాగమ్మ వచ్చింది.

9 మార్చి
"నువ్వు నోరు మూసుకోనుండు, నేను సూస్తా" అని నాగమ్మ నల్లగుడ్డ లాక్కుంది. ప్లేటు పెడితే అద్దంలో బొమ్మ పోతుందని, అప్పుడే మీట నొక్కాలని దారి పొడుగునా చెప్పాను.
వచ్చింది. వీపు మీద నల్లటి ముద్ద! ప్లేటు అందిస్తే తీసుకోదే... గుడ్డలోంచి బయటికి రాదే... భుజం తట్టాను, చెయ్యి విదిలించింది. తల్లి పూలు తిన్నంతసేపు తిన్నది. పిల్ల జారింది, మళ్లీ ఎక్కింది. ఇద్దరూ వెళ్లిపోయారు.
గుడ్డ తీసింది. ముఖమంతా చెమట, కళ్లలో నీళ్లు. "నువ్వు సెప్పింది నిజమేనయ్యా... పిల్ల జారితే ఆగి ఎక్కించుకునిందే!"
నా మాట నిజమన్నది! ఎంత సంతోషమో రాయలేను. ఫోటో మాత్రం లేదు.
రేపు ఏది తిరిగివ్వాలి అని అడిగాను. "చిన్నది" — రెప్ప వేయకుండా. "పెద్దది నాకు గావాల."
"మరి ఫోటో తీస్తావా?"
"సూద్దాంలే."
పొద్దున్నే మొదటి బస్సు. రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెద్దది ఉంచుకుంటే ఆ గుడ్డ కింద నాకు ఇంక చోటుంటుందా...