చిన్నదాని అక్క

అమ్మా, మేం కులాసా. నిన్న పొద్దున్న ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. బిడ్డా నేనూ బాగున్నాం, నువ్వు కంగారు పడకు.

పురుడు పోయడానికి వచ్చిన మంత్రసాని ఎన్నో కాన్పని అడిగితే, నువ్వు నేర్పినట్టే మొదటిదన్నాను. ఆవిడ నా పొట్ట తడిమి చూసి, "నీ ఒళ్ళు రెండోదంటోంది, నువ్వు మొదటిదంటావేంటే పిల్లా? ఆ బిడ్డేమైంది?" అంది. రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో ఊపిరి లేకుండా పుట్టిందని, నాకు చూపించనైనా లేదని చెప్పాను. "అయితే ముందు దానికోసం ఏడువు. ఇక్కడ నోర్ముయ్యమనే వాళ్ళెవరూ లేరు," అంది. ఇన్నాళ్ళూ దిగమింగుకున్నదంతా నొప్పులతో పాటే ఏడ్చాను. ఆ ఏడుపు ఆగకముందే ఇది పుట్టి నాతో గొంతు కలిపింది.

నీ దగ్గు తగ్గిందా? మెత్తటి పాత గుడ్డలుంటే పంపు. నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, పోస్టుమాను చేత ఈ కార్డు మళ్ళీ చదివించుకో. పెద్దదాన్ని ఎక్కడ పూడ్చిందీ ఆయనకొక్కరికే తెలుసు. అడిగిన ప్రతిసారీ "మర్చిపోవే" అన్నారు మీరు. కోపం లేదు, కానీ ఈసారి చెప్పమను. ఓపిక రాగానే పిల్లను ఎత్తుకుని వస్తాను. దానికి వాళ్ళక్కను చూపించాలి.

ఇద్దరికీ నమస్కారాలతో,
మీ అమ్మాయి