ఎర్ర పేజీ వెనక నిలిచిపోయిన పేరు

కంటి ఆసుపత్రి నిరీక్షణ జాబితా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ వెబ్‌సైటు తెరవగానే బ్రౌజరు భద్రతా హెచ్చరిక చూపుతున్నందున నా చెల్లెలి నెలవారీ ధ్రువీకరణ నిలిచిపోవుట, దానిని కాగితం మీద స్వీకరించమని కోరుట గురించి.

మా కంప్యూటరులో తేదీ తప్పుగా ఉన్నందునే ఎర్ర పేజీ వస్తున్నదని సోమవారం ఫోనులో తమరు సెలవిచ్చారు. సవరణ: మా కంప్యూటరులో తేదీ సరిగ్గానే ఉన్నది. రేడియోతోనూ, పక్కింటివారి ఫోనుతోనూ సరిచూశాను. తేదీ దాటినది తమ వెబ్‌సైటు భద్రతా ధ్రువపత్రానికి. హెచ్చరిక కింది వివరాలు విప్పి చదివితే, అది ఈ నెల నాలుగున ముగిసినట్టు ఉన్నది. ముప్ఫై నాలుగేళ్ళు జవాబు పత్రాలు దిద్దినదాన్ని, చిన్న అక్షరాలు వదిలిపెట్టే అలవాటు లేదు.

కావున ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నా చెల్లెలికి రెండు కళ్ళలోనూ కార్నియా పొర తెల్లబడిపోయింది. దాత కన్ను కోసం పందొమ్మిది నెలలుగా తమ జాబితాలో ఎదురుచూస్తూ, ఆరో స్థానానికి వచ్చింది. ఇంకా ఎదురుచూస్తున్నట్టు ప్రతి నెలా పదో తేదీ సాయంత్రం అయిదింటిలోగా వెబ్‌సైటులో ధ్రువీకరించని పేరు జాబితా అడుగుకు పోవునని తమ నిబంధన. ఈ రోజు పదో తేదీ.

2. తమ సహాయ విభాగం వారు చెప్పినవన్నీ చేశాను. బ్రౌజరులో పేరుకున్న పాత ఫైళ్ళు తుడిచెయ్యమన్నారు. తుడిచాను. ఆ దెబ్బతో నన్నెరిగిన వెబ్‌సైట్లన్నీ ఎవరమ్మా నువ్వు అనడం మొదలుపెట్టాయి. మరో బ్రౌజరులో చూడమన్నారు, పక్కింటి ఇంటర్నెట్టుతో చూడమన్నారు. చూశాను. అన్నిచోట్లా అదే పేజీ. నాలుగోసారి ఫోను ఎత్తినాయన, కంప్యూటరు ఇంకొక్కసారి ఆపి, మళ్ళీ వెయ్యమన్నారు. ఎన్నోసారికి తమ ధ్రువపత్రానికి ప్రాణం వస్తుందో చెబితే లెక్కపెట్టుకుంటానన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

3. అయిదోసారి ఎత్తినావిడ, "మన ఆసుపత్రి సైటే కదండీ, ఏం కాదు. కింద 'అయినా ముందుకు వెళ్ళు' అని ఉంటుంది, నొక్కెయ్యండి" అన్నారు. అయ్యా, అవతల ఉన్నది మన ఆసుపత్రో కాదో తేల్చలేకపోతున్నాననే కదా బ్రౌజరు మొత్తుకుంటున్నది. గుర్తింపు కార్డు చూపమంటే, నేను నేనే కదా అన్నట్టున్నది ఈ జవాబు.

4. గ్రంథాలయంలో ప్రతి బుధవారం నా ఈడు ఆడవాళ్ళు పదకొండు మందికి కంప్యూటరు నేర్పుతున్నాను. మొదటి పాఠం: ఎర్ర పేజీ వస్తే మౌసు మీంచి చెయ్యి తియ్యాలి. నిరుడు ఒకావిడ తియ్యలేదు. ఆవిడ పేరు పెట్టుకుని ఎవరో ఆవిడ చుట్టాలందరికీ ఉత్తరాలు రాశారు. అవి ఆవిడ స్వయంగా రాసేవాటికన్నా మర్యాదగా ఉన్నాయన్నది వేరే సంగతి. ఇప్పుడా పాఠం చెప్పిన నోటితోనే, మన సైటయితే ఫరవాలేదని ఎలా చెప్పను?

5. నిన్నటి నుంచీ కూర్చుంటున్నాను, లేస్తున్నాను. అరగంటకోసారి ఆ పేజీ తెరిచి మూస్తున్నాను. కుర్చీ చప్పుడును బట్టే చెల్లెలు కనిపెడుతున్నది. పొద్దున గోడ పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది.

"అక్కా, నాకు ఎరుపైనా తెలుపైనా ఒకటే మసక. నొక్కెయ్యవే."

"నీ వివరాలన్నీ ఏ దొంగ చేతిలోనో పడితే?"

"పడనీ. నా పుట్టినరోజు వాడైనా గుర్తుపెట్టుకుంటాడు."

ఈ సంగతి అర్జీలో ఉండదగినది కాదు. సంఖ్య వేసేశాను గనక కొట్టివెయ్యడం లేదు.

కావున తమరు ఈ అర్జీనే ధ్రువీకరణగా స్వీకరించి, చెల్లెలి పేరును ఆరో స్థానంలోనే ఉంచి, తమ ధ్రువపత్రం పునరుద్ధరించేవరకు అందరికీ గడువు పొడిగించ ప్రార్థన. ఎర్ర పేజీ చూసి చెయ్యి తీసినవాళ్ళు ఇంకెందరో ఉంటారు. బుద్ధిగా మాట విన్నందుకు వాళ్ళ పేర్లు అడుగుకు పోకూడదు.

ఇదంతా తీరుబడి దొరికినప్పుడు కాక, ఈ సాయంత్రం అయిదింటిలోగానే చిత్తగించవలెనని కోరు,

తమ విధేయురాలు,
ఆరో పేరుగల రోగికి అక్క, విశ్రాంత ఉపాధ్యాయిని.

తా.క.: సంతకం పెట్టాక నొక్కాను. పన్నెండుంబావుకి. లోపల అంతా ఎప్పటి పేజీలాగే ఉంది. చెల్లెలి వివరాలన్నీ నింపి, 'ధ్రువీకరించు' కూడా నొక్కాను. చక్రం తిరిగి తిరిగి తెర తెల్లబడింది. అందిందో లేదో తెలీదు. అందితే ఎవరికి అందిందో అసలే తెలీదు. అందుకే చెల్లెలే ఈ కాగితం పట్టుకుని వస్తోంది. తోడు మా మనవరాలు. నేనొస్తే మీతో గొడవపడతానని వాళ్ళిద్దరూ నన్ను రానివ్వడం లేదు. మీ గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, ఎవరినైనా కిందికి పంపండి. దీనితో జతచేసిన రెండో ప్రతి మీద తేదీతోపాటు గంట కూడా వేసి ముద్ర కొట్టండి. దాన్ని మనవరాలికి కాదు, చెల్లెలి చేతికే ఇవ్వండి. సిరా ఆరాక ఇవ్వండి. అది వేలితో తడిమి చూసుకుంటుంది.