కంచె లోపలి రాయి

1949 నవంబర్ 6, ఆదివారం

పురావస్తు శాఖవాళ్ళు కంచె కట్టి, బోర్డు పాతి వెళ్ళారు. పైన ఇంగ్లీషు, కింద ఉర్దూ. మా ఊళ్ళో ఆ రెండూ చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అంటే నాతో ముచ్చట పెట్టుకోవడానికే ఇంత పెద్ద బోర్డు రాయించారన్నమాట.

ప్రొటెక్టెడ్ మాన్యుమెంట్. దిస్ స్టోన్ ముట్టరాదు, కదిలించరాదు, దాని మీద నూనె, పసుపు, సున్నం, పాలు పోయరాదు. కంచె లోపల గడ్డపార పెట్టరాదు. పెడితే జైలు.

ఆ రాయి గొర్రెలు కాసే మా కురుమల వీరుడిది. మందను తోలుకుపోతున్న దొంగలకు అడ్డం నిలబడి చచ్చిపోయిన మా ముత్తాతల ముత్తాత. అందరం తాత అనే అంటాం. చేతిలో కత్తి, కాళ్ళ దగ్గర గొర్రెపిల్ల, కింద పాతకాలపు అక్షరాలు. ఇప్పుడవేవీ కనిపించవు, పసుపూ నూనే పేరుకుపోయి. ఏటా మొదట ఈనిన గొర్రె పాలు ఆ రాయి మీద పోశాకే మా ఇళ్ళలో ఎవరైనా పాలు నోట పెట్టాలి.

ఇక నుంచి ఆ పాలు పోయనివ్వకుండా చూసే చౌకీదారును నేను. సూర్యాపేటలో హాస్టల్లో ఉండి మెట్రిక్ పాసయింది ఇందుకు. నాయిన ఆర్డర్ విని నవ్వాడు. గా రాయిని ముట్టకుంటే మనకేం పాయె, నౌకరి సూస్కో బిడ్డా అన్నాడు. మా నాయిన బీరయ్య నోటి నుంచి ఆ మాట వస్తుందని ఎవరైనా అనుకుంటారా? నాకు ఒళ్ళు మండింది.

నవంబర్ 9

అమ్మ పాలు ముట్టడం లేదు. అడిగితే కడుపుల పడ్తలేదు అంటుంది.

నవంబర్ 15, రాత్రి

గొర్రెలు ఈనడానికి వచ్చాయి. ఏడాదికి ఒక్క పూట పాలు పోయడానికి పర్మిషన్ ఇమ్మని మిర్యాలగూడలో వాళ్ళ క్యాంపుకు వెళ్ళి అడిగాను. ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసర్ నా మొహం చూడలేదు. క్లర్కు వెంకటేశ్వర్లుది కోదాడ. అతను మాత్రం కుర్చీ వేసి, మెత్తగానే చెప్పాడు. రూలు రూలేనండీ, పాలు పోస్తే రాయి పాడైపోతుందండీ, మన చేతుల్లో ఏముంది చెప్పండి అన్నాడు.

పాడైపోతుందా? ఇన్ని వందల ఏళ్ళు పాలు పోసింది ఎవరు? ఎండకు పగలకుండా నూనె రాసింది ఎవరు? వీళ్ళ తాతలా? నిన్న పుట్టిన కంచె ఇవాళ కాపాడానంటోంది.

తిరిగి వస్తే అచ్చమ్మత్త వాకిట్లోనే పట్టుకుంది. ఖాకీ తొడగంగనే తాత యాదికొస్తలేడా అంజన్నా అంది. మా నాయిన తోబుట్టువు కాబట్టి నోరు మూసుకున్నాను.

నవంబర్ 22, మధ్యాహ్నం

ఆఫీసర్ వచ్చాడు. రాయిని క్లీన్ చేసి ఫోటో తీయాలట. బ్రష్షులు, మందునీళ్ళు, ఇద్దరు మనుషులు. పసుపు పొరలు పొరలుగా ఊడి కారుతుంటే ఊరంతా కంచె బయట నిలబడి చూసింది. నేను లోపల, ఖాకీలో.

కత్తి కనబడాల్సిన చోట కత్తి లేదు. గొర్రెపిల్ల లేదు. అక్షరం లేదు. బోసి బండ. మధ్యలో అరిగి, పల్లంగా నున్నబడిన బండ. ఇంకొంచెం కడిగాక గుర్తుపట్టాను. వాగు ఒడ్డున బట్టలు ఉతికే బండ. చిన్నప్పుడు దాని మీద కూర్చోబెట్టే అమ్మ నాకు నీళ్ళు పోసేది.

ఆఫీసర్ సంచిలోంచి పాత ఫోటో తీశాడు. నిజాం కాలంలో ఎవరో తీసింది. కత్తి, గొర్రెపిల్ల, అన్నీ ఉన్నాయి. ఫోటో నా మొహం ముందు పెట్టి, వేర్ ఈజ్ ఇట్ అన్నాడు. నాకు తెలియదన్నాను. అది నిజం. అతను నమ్మలేదు. ఎవరికి అమ్ముకున్నారని నాయినను అడిగాడు. నాయిన నేల చూశాడు. రేపు సాయంత్రం లోపల రాయి ఎక్కడుందో చెప్పకపోతే బీరయ్యను మిర్యాలగూడ స్టేషన్‌కు పంపుతానని చెప్పి, పాలకీడు వైపు వెళ్ళిపోయాడు.

అదే రోజు, దీపాల వేళ

అడిగాను. గొంతు చించుకుని అడిగాను.

రజాకార్లు ఊళ్ళు తగలబెడుతున్న రోజుల్లో, నేను సూర్యాపేటలో ఉండగా, నాయినా సత్తయ్య మామా కలిసి రాయిని పెరికి, పక్కనున్న పాత మంద దొడ్డిలో పాతిపెట్టారట. కండ్లల్ల మన్ను పడొద్దని బోర్లా పండబెట్టినం అన్నాడు నాయిన. ఎవరికీ అనుమానం రాకుండా ఉతికే బండ తెచ్చి నిలబెట్టి, దట్టంగా పసుపు పూశారు.

మరి పోలీస్ యాక్షన్ అయ్యాక ఎందుకు తీయలేదు? ఎట్ల తీస్తం బిడ్డా, జర గడ్డపార పడితె సాలు, తుపాకులు పాతిపెడ్తున్నరని మిల్ట్రీ వాళ్ళు పట్కపోతుండ్రి అన్నాడు. నిజమే. మా వాళ్ళను అలాగే పట్టుకుపోయారు. ఈలోగా కంచె వచ్చింది. రాయీ కంచె లోపలే, బండా కంచె లోపలే. ఇక తవ్వితే జైలు.

నాకెందుకు చెప్పలేదు? ఈసారి అమ్మ చెప్పింది. నువ్వు సర్కారు బట్ట తొడిగినవ్, నీకు జెప్తె నువ్వు ఆళ్ళకు జెప్పక తప్పుతదా అంది. నిరుడు ఊరంతా ఉతికే బండ మీద పాలు పోసి పండుగ చేసుకుంది. అమ్మ పోయలేదు. అసలు రాయికి పోయలేదు కాబట్టి అప్పటి నుంచి పాలు తాగలేదు. నాయిన ఎప్పుడూ కల్లే తాగుతాడు కాబట్టి ఆయన సంగతి ఎవరికీ తట్టలేదు.

నన్ను ఉతికే బండకు కాపలా పెట్టారు, ఇంట్లోవాళ్ళే. చూపిస్తే రాయి పోతుంది. చూపించకపోతే నాయిన పోతాడు.

నవంబర్ 23

నాయిన నోరు విప్పనన్నాడు. జైలుకు వోతె వోత, తాతనైతె ఇయ్య అన్నాడు. అమ్మ గొంగడి భుజాన వేసుకుని నేరుగా కంచె దగ్గరకు నడిచి, దొడ్డిలో ఆ చోటు మీద నిలబడింది. తాత మందను కాపాడిండు, మనిషిని కాపాడడా, ఇగ తవ్వుండ్రి అంది. ఎవరి మీదా అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

ఆఫీసర్ మనుషులే తవ్వారు. గొర్రె పెంట కింద తాత చెక్కు చెదరకుండా ఉన్నాడు. వెల్లకిలా తిప్పితే కత్తి, గొర్రెపిల్ల, ఒక్కో అక్షరం. ఆఫీసర్ మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో మట్టి తుడిచాడు. ఆ కాసేపు అతని మీద కోపం రాలేదు, ఎందుకో.

తరువాత లేచి, ఇది ఇక్కడ సేఫ్ కాదు, హైదరాబాద్ మ్యూజియంకు పోతుంది అన్నాడు. ఎందుకు సేఫ్ కాదు అన్నాను. మీ జనం పాతిపెట్టారు కదా అన్నాడు. పాతిపెట్టారు కాబట్టే ఇవాళ ఉంది, వీ ప్రొటెక్టెడ్ ఇట్, నాట్ యు అన్నాను. నా ఇంగ్లీషుకు నవ్వాడు. వెంకటేశ్వర్లు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, ఊరుకోండి, మీ నాన్నగారి మీద కేసు లేదన్నారండీ, అది చాలు కదండీ అన్నాడు.

చాలట.

నవంబర్ 27

లారీ వచ్చింది. దారిలో రాయికి దెబ్బ తగలకుండా చుట్టడానికి గోనెసంచులు సరిపోలేదు. అమ్మ తన గొంగడి ఇచ్చింది. మిర్యాలగూడ, సూర్యాపేట, అక్కడి నుంచి హైదరాబాద్. మ్యూజియంలో తాతను చూడాలంటే టికెట్ కొనాలా అని అచ్చమ్మత్త అడిగింది. నాకు తెలియదు.

ఉతికే బండను ఆడవాళ్ళు దొర్లించుకుంటూ మళ్ళీ వాగుకు తీసుకుపోయారు.

నవంబర్ 30

కంచె ఉంది. బోర్డు ఉంది. దొడ్డిలో గుంట ఉంది. నా నౌకరి కూడా ఉంది. సైటు ప్రొటెక్టెడేనట. గుంటకు కాపలా కాస్తున్నాను, థూ.

డిసెంబర్ 4, తెల్లవారగానే

మా నల్లగొర్రె ఈనింది. అమ్మ చెంబుతో వచ్చింది. వెనక ఊరంతా వచ్చింది. నేను ఖాకీ విప్పలేదు. బోర్డు మళ్ళీ చదివాను. రాయి మీద పోయరాదని ఉంది. గుంట మాట లేదు. కంచె తలుపు తీశాను.

అమ్మ పోసింది. మన్ను తాగింది. తరువాత అమ్మ తాగింది.