జప్తు చేసిన బర్రె

1973 జూన్ 12
డిక్రీ వచ్చి ఏడాది. గెలిచానట. మాదాపూర్ క్వారీలో నా చేత బండలు కొట్టించుకుని కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ మల్లయ్య ఇంకా ఇస్త్రీ బట్టల్లోనే తిరుగుతున్నాడు. వకీలు ఫీజుకని కుదువ పెట్టిన అమ్మ కాళ్ళ వెండి కడియాలు చందానగర్ షావుకారు దగ్గరే ఉన్నాయి. ఈ డబ్బు రాకపోతే అవీ పోతాయి.

జూన్ 13
డిక్రీ అమలుకు మళ్ళీ దరఖాస్తట. మళ్ళీ స్టాంపులు. "గెలవడం వేరు, రాబట్టడం వేరు బాబూ" — వకీలు నవ్వుతూ. ఆ నవ్వుకీ ఫీజు వేస్తాడేమో.

జూన్ 29
కోర్టు అమీనుతో జప్తుకు వెళ్ళాను. అతని రిక్షా కిరాయి నాదే, చాయ్ నాదే. లారీ బామ్మర్ది పేరున. ఇల్లు తండ్రి పేరున. వంట గిన్నెలు, పడక బట్టలు చట్టం ప్రకారం ముట్టకూడదు. మల్లయ్య అరుగు మీద కూర్చుని, "జర నిదానంగ చూస్కోండి సారూ..." దొడ్లో ఒక్క బర్రె. రాసుకున్నాడు అమీను. వేలం దాకా నేనే మేపాలట. గెలిచినవాడికి కోర్టు ఇచ్చే బహుమానం — గడ్డి ఖర్చు.

జూన్ 30
బర్రె చేపడం లేదు. దూడ చచ్చిపోయిందట. పాలు పితకబోతే అమ్మను తన్నింది.

జులై 2
మల్లయ్య భార్య లచ్చవ్వ వచ్చింది, అంత దూరం నడిచి. "పిండకుంటె పొదుగు వాస్తది. గంత గూడ తెల్వదా నీకు?" ఆ గొంతు వినగానే బర్రె చెవులు నిక్కించింది. చెంబు నింపి అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయింది. మొగుడు ఆడిస్తున్న నాటకం. ఇంకేమిటి?

జులై 9
రోజూ వస్తోంది. అమ్మ చాయ్ పోస్తోంది. నా జప్తు పక్కన కూర్చుని ఇద్దరూ ముచ్చట్లు...

జులై 15
అనుకున్నంతా అయింది. బర్రె తనదని లచ్చవ్వ పేర పిటిషన్. వేలం ఆగింది. అప్పు ఎగ్గొట్టే ప్రతివాడూ ఇదే పాట. బర్రె వెనక దాక్కునే మగాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

జులై 21
గోడ ఇవతల నేనున్నట్టు ఆమెకు తెలియదు. అమ్మతో అంటోంది — "మా అవ్వ ఇచ్చిన పడ్డ అక్కా ఇది. కాయితం ఏడుంటది? అవ్వ బిడ్డకు రసీదు రాస్తదా? నా మొగడే పిటిషన్ మీద ఏలుముద్ర ఏపిచ్చుకున్నడు. గెలిస్తే తెల్లారె అమ్ముకుంటడు."

జులై 22
వకీలుతో చెప్పాను. "ఆవిడ పాలు పితకడానికి వస్తోందని కోర్టులో అనకు. అడిగితే తెలీదను." ఇందుకేనా వకీలు ఆఫీసు గోడ నిండా పుస్తకాలు? నేను పాత పుస్తకాల దుకాణంలో ఒక్క చట్టం పుస్తకం కొని, కూడబలుక్కుని చదివాను. భార్య సొత్తు మొగుడి అప్పుకు జప్తు కాదు. అంతే ఉంది అందులో.

ఆగస్టు 3
రేపు నా సాక్ష్యం. బర్రె ఎవరిదని అడుగుతారు. నిజం చెబితే మల్లయ్య మీసం మెలేస్తాడు. చెప్పకపోతే... నేనూ వాడూ ఒకటే.

అమ్మ బోసి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

సాయంత్రం లచ్చవ్వ పాలు పిండి, "రేపు కోర్టుకు పోతవంటగా. నేను పొద్దుగాల్నే వచ్చి పిండుత" అంది. నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే తిట్టి పంపేవాణ్ణి.

ఆమె వెళ్ళాక, ఆమె పిలిచినట్టే బర్రెను పిలిచి చూశాను. రెండుసార్లు.

తల తిప్పలేదు.